తొంభై నాలుగు శాతం దొంగతనం

కాపీ కొట్టిన పిల్లలను పట్టుకోవడంలో నాకు మా కాలేజీలో పెద్ద పేరు ఉండేది. ఆ పేరంటే నాకు ఇష్టం కూడా. ఆర్మూర్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇరవై ఏళ్లకు పైగా తెలుగు చెబుతున్నాను. జీతం పెరిగినా పెరగకపోయినా ఆ పేరు మాత్రం ఏటేటా పెరిగింది. "గా మేడం దగ్గర దొరికిపోతం రా" అని వరండాలో పిల్లలు అనుకుంటుంటే వినబడనట్టే నడిచి వెళ్లేదాన్ని. లోపల మాత్రం ముచ్చటగా ఉండేది.

అప్పట్లో దొంగను పట్టడానికి యంత్రాలేమీ అక్కర్లేదు. చివరి సెమిస్టర్‌లో ప్రతి ఒక్కరూ ఒక ప్రాజెక్టు రాసివ్వాలి. బస్టాండు దగ్గరి జిరాక్సు, టైపింగ్ దుకాణాల్లో పాతవి దొరుకుతాయి. పేరు మార్చి, అట్ట మార్చి తెచ్చేవాళ్లు. పేరు మార్చేవాళ్లకు లోపల ఏముందో చూసే ఓపిక ఉండదు కదా. ఇంకా మీసాలు కూడా సరిగా రాని ఒకడు కృతజ్ఞతల పేజీలో "నా చదువుకు అండగా నిలిచిన నా భర్తకు" అని ఇచ్చాడు. బాల్కొండలో పుట్టి పెరిగిన ఇంకొక అమ్మాయి "మా కృష్ణా తీరంలో" అని మొదలుపెట్టింది. "మీ దిక్కు గోదారి పోయి కృష్ణ ఎప్పుడొచ్చింది బిడ్డా?" అని క్లాసులో అడిగితే అందరూ పడి పడి నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది. నేను తిట్టేదాన్ని, మళ్లీ రాయించేదాన్ని, అంతటితో అయిపోయేది.

తర్వాత కాలేజీకి చెకింగ్ వచ్చింది. పిల్లలు దాన్ని అలాగే అంటారు. ఫైలును కంప్యూటర్‌లో ఎక్కిస్తే, ఇంటర్‌నెట్‌లో ఉన్న రాతలతో పోల్చి, ఎంత శాతం కలిసిందో చెబుతుంది. కలిసిన వాక్యాల మీద ఎర్ర రంగు పూస్తుంది. ముప్పై శాతం దాటితే తీసుకోవద్దని ప్రిన్సిపాల్ సారు నోటీసు పెట్టారు. నేను మొదట సణిగాను. తెలుగు రాతను అదేం చదువుతుంది, నా ముక్కు చాలదా అన్నాను. కానీ ప్రాజెక్టులు కట్టలు కట్టలుగా వచ్చి పడతాయి, కళ్లు మండుతాయి. అంకె చూసి పక్కన పెట్టడం ఎంత హాయిగా ఉంటుందో రెండు రోజుల్లోనే తెలిసిపోయింది. సున్నా వస్తే సంతకం, కాస్త ఎక్కువ వచ్చినా ముప్పై లోపల ఉంటే సంతకం. ఎక్కడో ఒక పేజీ తిరగేసి రెండు గీతలు గీసి ‘బాగుంది’ అని రాసేదాన్ని. చదవడం మానేశాను. ఇప్పుడు ఈ మాట ఇంత సులువుగా రాస్తున్నాను గాని, అప్పుడు ఎవరైనా అని ఉంటే కొట్టినంత పని చేసేదాన్ని.

క్లాసులో ఒక సలహా కూడా ఇచ్చాను. "నా దాంక వచ్చి దొరుకుడెందుకు? ఫ్రీగ చెక్ చేసే సైట్లు మస్తుగున్నయి. ముందుగాల మీరే గండ్ల ఏసి చూస్కోన్రి. తప్పులుంటే దిద్దుకొని అప్పుడు నాకియ్యిన్రి" అన్నాను. పిల్లల మీద ప్రేమతోనే అన్నాను. నా సలహాను తూచా తప్పకుండా పాటించింది, నాకు తెలిసినంతలో, ఒక్క అమ్మాయి.

ఆ అమ్మాయి మోర్తాడ్ నుంచి బస్సులో వచ్చేది. తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు, తల్లి బీడీలు చేస్తుంది. మా దగ్గర చదివే ఆడపిల్లల్లో చాలామంది ఇళ్లు అలాంటివే కాబట్టి అందులో ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవలసింది ఏమీ లేదు. నాకు గుర్తున్నది వేరే. పాఠంలో ఏదైనా పదం రాగానే చెయ్యెత్తేది. "మేడం, గిదే మాటను మా అమ్మ ఇంకో తీరుగ అంటది" అనేది. రోజూ ఇదే. వెనక బెంచీల నుంచి "మళ్ల అమ్మొచ్చింది" అని నవ్వులు వినిపించేవి. నేను కూడా ఒకటి రెండుసార్లు "మీ అమ్మను గూడ తోల్కరా బిడ్డా, ఇద్దరం కలిసి పాఠం చెప్తం" అన్నాను. సిగ్గుపడి కూర్చునేది. మర్నాడు మళ్లీ చెయ్యెత్తేది.

తల్లికి పెళ్లికి ముందు నుంచీ పసుపు చేన్లలో కూలి అలవాటు. విత్తనం కొమ్ము పెట్టడం, కలుపు తీయడం, తవ్వడం, కడాయిల్లో ఉడకబెట్టడం, కళ్లంలో ఆరబోయడం, అన్నీ చేసింది. నడుము పట్టుకున్నాక ఆ పనులు మాని బీడీల చాట ఒళ్లో పెట్టుకుంది. "పసుపు పని మీద మా అమ్మకు తెలిసినన్ని మాటలు ఏ పుస్తకంల లెవ్వు మేడం. గవ్వే ప్రాజెక్టుగ రాస్త" అని ఆ అమ్మాయి అడిగింది. "రాయి బిడ్డా, మంచిగుంటది" అన్నాను. నిజంగానే సంతోషపడ్డాను. ఇన్నేళ్లలో ఇంట్లోంచి విషయం తెచ్చుకున్న పిల్ల అరుదు.

ఎంఏ తెలుగు ప్రవేశ పరీక్ష రాయమని పోరు పెట్టింది కూడా నేనే. ఆమెకూ అదే కోరిక. ఒక సాయంత్రం బస్టాండు దాకా నా వెంట నడుస్తూ, మీ లెక్కనే నేను గూడ పాఠం చెప్పాలని ఉంది మేడం అని చెప్పింది. చెప్పేటప్పుడు నా వైపు చూడకుండా రోడ్డు వైపు చూసింది. ప్రాజెక్టులో పోతే డిగ్రీ ఆగుతుంది, డిగ్రీ ఆగితే ఆ ఏటికి ఎంఏ లేనట్టే. అందుకని మిగతా పిల్లల కంటే రెండు నెలల ముందే మొదలుపెట్టింది.

అది పసుపు తవ్వే కాలం. బస్సు కిటికీలోంచి ఉడికిన పసుపు వాసన ఆర్మూర్ దాకా వెంట వస్తుంది, పాలిష్ డ్రమ్ముల చప్పుడు పొద్దస్తమానం వినబడుతుంది. క్లాసులో సగం బెంచీలు ఖాళీ, పిల్లలు చేన్లలో ఉంటారు. ఆ అమ్మాయి మాత్రం ఒక పొడుగాటి నోటుబుక్కు పట్టుకొని వరండాలో నాకు ఎదురొచ్చేది. "మేడం, నిన్న రాత్రి బీడీలు చేసుకుంట అమ్మ రెండు కొత్త మాటలు చెప్పింది. చూస్తరా?" అనేది. "మొత్తం అయినంక చూస్త బిడ్డా" అనేదాన్ని. నిజంగా చూద్దామనే అనుకున్నాను.

అందరూ ఫైళ్లను టైపింగ్ దుకాణం నుంచి పెన్‌డ్రైవ్‌లో తెచ్చారు. ఆ అమ్మాయి ఫోన్‌లోంచి పంపింది. దుకాణంలో ఎందుకు చేయించలేదు, అచ్చు అందంగా ఉండేది కదా అంటే, "గా దుకాణమాయన మా అమ్మ మాటలను తప్పులనుకొని దిద్దుతున్నడు మేడం. గందుకే నేనే ఫోన్ల కొట్టుకున్న" అంది. నవ్వుకున్నాను. ఇంటి దగ్గరా, బస్సులోనూ బొటనవేళ్లతో అంతా కొట్టిందట.

చెకింగ్‌లో వేశాను. తొంభై నాలుగు శాతం వచ్చింది.

ఆ కట్టలో మిగతా వాళ్లవి చాలావరకు సున్నాలే. నేను గట్టిగా నమ్మిన పిల్ల కాబట్టి నాకు కోపం కూడా అంత గట్టిగా వచ్చింది. మోసపోయాననిపించింది. ఏదో పేరు వినని సైటుతో కలిసిందని రిపోర్టులో ఉంది. ఆ సైటు తెరిచి చూడలేదు. తెర మీద పేజీలను కిందికి లాగుతూ పోయాను, మొదటి నుంచి చివరి దాకా ఎరుపే. ఒక్క వాక్యం దగ్గర కూడా ఆగలేదు. అంకె ఉన్న మొదటి పేజీని ప్రింటు తీసి పిల్లను పిలిపించాను.

స్టాఫ్ రూంలో అప్పుడు ఇంకో ఇద్దరు లెక్చరర్లు ఉన్నారు. వాళ్లు వెళ్లేదాకా ఆగవచ్చు, ఆగలేదు. ఆ అమ్మాయి నవ్వుతూ తలుపు దగ్గరికి వచ్చింది. బాగా రాశావని చెప్పడానికి పిలిచాననుకుంది పాపం. కాగితం ఆమె ముందుకు తోశాను.

"ఏంది బిడ్డా ఇది?"

చూసింది. అర్థం కాలేదు. "గింత ఎర్రగ ఎందుకున్నది మేడం?"

"నన్నడుగుతున్నవా? గిదంతా దించినవా లేదా? ఒక్క మాట చెప్పు."

"దించిన మేడం. కని గది మా అమ్మ..."

"అమ్మను నడుమల తేకు! దించినవా, లేదా?"

"దించిన" అంది.

మా దిక్కు పరీక్షలో పక్కవాడి పేపరు చూసి రాస్తే ‘దించిండు’ అంటారు. బోర్డు మీద ఉన్నది బుద్ధిగా నోటుబుక్కులో రాసుకున్నా ‘దించుకున్న’ అనే అంటారు. తల్లి చెబుతుంటే నోటుబుక్కులోకి, అక్కడి నుంచి ఫోన్‌లోకి రాసుకున్న పిల్లను దించినవా అని అడిగితే దించిన అనక ఏమంటుంది? పదాలకు నానార్థాలు చెప్పి జీతం తీసుకుంటున్న మనిషిని నేను. నవీపేట్‌లో పుట్టినదాన్ని, ఇదే మాట మాట్లాడుతూ పెరిగినదాన్ని. ఆ పూట నాకు ఒక్క అర్థమే తట్టింది. ఒప్పుకుంది అనుకున్నాను. దొరికిపోయాక కూడా అమ్మను అడ్డం పెట్టుకుంటోందని ఇంకా మండింది. ఫీజు కట్టకపోతే అమ్మకు పాణం బాగలేదంటారు, రాకపోతే అమ్మ పనికి పొమ్మన్నదంటారు. ఆ సాకులన్నింటి కోపమూ ఈ పిల్ల మీద చూపించాను.

"ఎవలదో కష్టం ఎత్తుకొచ్చి మీ అమ్మ పేరు పెట్టినవా? మీ అమ్మకు తెలిస్తే సిగ్గుతోని సస్తది" అన్నాను. ఈ మాట నేనే అన్నాను. మరొకరు అన్నట్టు రాసుకుందామని చాలాసార్లు అనిపించింది.

కాగితమూ పెన్నూ ఇచ్చి క్షమాపణ రాయమన్నాను. ఏం రాయాలో తెలియక నిలబడితే నేనే చెప్పాను, ఆమె రాసుకుంది. ‘ఇతరుల రాతను దించి నా రాతగా సమర్పించాను. ఇకమీదట ఇలా చేయను. క్షమించగలరు.’ ‘క్షమించగలరు’లో ష వత్తు సరిగా పడలేదు. అలవాటు కొద్దీ ఎర్ర పెన్నుతో దిద్దాను. సంతకం పెట్టి, చున్నీతో ముఖం తుడుచుకుంటూ వెళ్లిపోయింది. పక్క కుర్చీలో ఆయన "మీ దగ్గర ఎవలు తప్పించుకోలేరు మేడం" అన్నాడు. నేను నవ్వాను.

పది రోజుల గడువు ఇచ్చి కొత్త ప్రాజెక్టు తెమ్మన్నాను. ఎనిమిదో రోజుకే తెచ్చింది. ‘మన జీవితాల్లో పసుపు ప్రాశస్త్యం’ అని పేరు. ఈసారి దుకాణంలో టైపు చేయించింది, బంగారు అక్షరాల అట్ట వేయించింది. చెకింగ్‌లో సున్నా వచ్చింది. నాకు ఎంత తృప్తి కలిగిందో చెప్పలేను. ఒక పేజీ తిరగేస్తే ‘పసుపు వర్ణం మన గడపలపై వెలసిన సూర్యకాంతి’ అనే వాక్యం కనబడింది. దాని కింద గీత గీసి, క్లాసులో పైకి చదివి వినిపించాను. "చూసిన్రా, సొంతంగ రాస్తే ఎట్లుంటదో" అన్నాను. ఆ అమ్మాయి తల వంచుకొని కూర్చుంది. సిగ్గుపడుతోందనుకున్నాను. ఆ తర్వాత పాఠంలో ఎన్ని పదాలు వచ్చినా ఆమె చెయ్యెత్తలేదు. సెమిస్టర్ చివర కదా, అందరూ డీలా పడతారు అని సరిపెట్టుకున్నాను.

మంచి మార్కులతో పాసైంది. వీడ్కోలు రోజు ఫోటోకు రాలేదు. ఎంఏ పరీక్షకు దరఖాస్తు పెట్టావా అని ఒకసారి ఫోన్ చేస్తే "చూస్త మేడం" అంది. కొత్త బ్యాచ్ వచ్చింది, నేనూ మర్చిపోయాను.

మరుసటి ఏడు మళ్లీ పసుపు రోజుల్లో ప్రాజెక్టులు వచ్చాయి. ఒక అబ్బాయి ఫైలు ఎక్కిస్తుంటే పొరపాటున మధ్య పేజీ తెరుచుకుంది. ‘పసుపు వర్ణం మన గడపలపై వెలసిన సూర్యకాంతి.’ నేను గీత గీసిన వాక్యం. ముందు పేజీ చూశాను, వెనక పేజీ చూశాను, అక్షరం పొల్లుపోలేదు. చెకింగ్ మాత్రం సున్నా అంది. మళ్లీ వేశాను, మళ్లీ సున్నా. నాకు ఒళ్లు మండిపోయింది. ఏ దుకాణమని ఆ అబ్బాయిని నిలదీసి, అతని ప్రాజెక్టు పట్టుకొని ఎండలో నడుచుకుంటూ బస్టాండు దగ్గరికి వెళ్లాను. దుకాణమాయన చొక్కా గల్లా పట్టుకొని అడగాలన్నంత ఆవేశంలో ఉన్నాను.

దుకాణమాయన అన్నానికి ఇంటికి వెళ్లాడట. కంప్యూటర్ ముందు కూర్చున్నది ఆ అమ్మాయే. నన్ను చూసి గబుక్కున లేచి, కుర్చీ మీది కాగితాలు తీసి, కూర్చోమంది.

"నువ్వు గీడ ఉన్నవేంది బిడ్డా?"

"పనికి కుదిరిన మేడం. తెలుగు టైపింగంతా నేనే చూస్త."

చేతిలోని ప్రాజెక్టు చూపించాను. "గిది నీది. ఇంకొకలకు ఎట్లిచ్చినవు?"

ఆమె అట్ట కూడా తిప్పి చూడలేదు. "నాది కాదు మేడం. మీరు పది రోజులల్ల కొత్తది తెమ్మంటిరి. బస్సు దిగి గీడికే వచ్చిన. పేరు మార్చి ఇచ్చిన్రు. నాకంటె ముందటేడు గూడ ఇద్దరు తీస్కపోయిన్రట. మీరే దస్కత్ పెట్టిన్రు."

కుర్చీలో కూర్చున్నాను. "మరి సున్నా ఎట్లొస్తున్నది?" అని అడిగాను.

తెర నా వైపు తిప్పింది. ‘పసుపు’ అని కొట్టింది. తర్వాత ఏదో నొక్కితే ఆ అక్షరాలు పోయి, వాటి చోట ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వచ్చాయి. "గిది పాత తెలుగు ఫాంటు మేడం. మన కండ్లకు తెలుగే కనవడ్తది. కంప్యూటర్ లోపట మాత్రం గిట్ల ఉంటది. మీ చెకింగ్ గిసొంటి రాత ఏడున్నదని దేవులాడ్తది? ఏడా దొరకది. గందుకే సున్నా. గీ దుకాణంల టైపు చేసినయన్ని సున్నానే."

పాఠం అప్పజెప్పినట్టు నెమ్మదిగా, వివరంగా చెప్పింది. మంచి టీచరు అయ్యేది. అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. దాని జవాబు వినాలని లేదు, అయినా అడిగాను.

"మరి నీ మొదటిది? నువ్వు సొంతంగ రాస్తే గంత ఎర్రగ ఎందుకొచ్చింది?"

"అది ఫోన్ల కొట్టిన కదా మేడం, అసలు తెలుగు. చెకింగ్ చదువుతది." తెరను మళ్లీ తన వైపు తిప్పుకుంది. "మీరే చెప్పిన్రు కదా, ముందుగాల ఫ్రీ సైట్ల ఏసి చూస్కోమని. ఏసి చూసిన. సున్నా వచ్చింది. మస్తు ఖుషయిన. నీ మాటలు దునియల ఏడా లెవ్వే అని అమ్మకు గూడ చెప్పిన. గా సైటోడు మనం ఏసిందంతా వాని తాన్నే పెట్టుకొని నెట్ల పెడ్తడట మేడం. వారం తర్వాత మీరు చెక్ చేస్తే గదే కలిసింది. నాదే నాకు కలిసింది."

"నీకెప్పుడు తెలిసింది?"

"గీడికి వచ్చినంక. ఇంకో పిల్లకు గట్లనే అయితే నెట్ల దేవులాడి చూసిన."

"నాకొచ్చి చెప్పద్దా బిడ్డా?"

"చెప్తె ఏమొస్తది మేడం. దించిన అని నేనే రాసిచ్చిన కదా."

ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది, నేను తల వంచుకొని పడేదాన్ని. ఎంఏ సంగతి అడిగాను. రాయలేదంది. "రాద్దామని కూసుంటే బుగులైతది మేడం. గీ మాట నాదేనా, ఎవలదన్న ఉన్నదా అని. గీ పనే నయం. ఎవలయో కొట్టి పెడ్త, నాది అనేది ఏం ఉండది."

నాకు ఏడుపు వచ్చింది. తప్పంతా నాదే బిడ్డా అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను, వాక్యాలు సరిగా రాలేదు. "ఊకోన్రి మేడం" అని సీసాలో నీళ్లు ఇచ్చింది. ఆ నోటుబుక్కు ఉంటే ఒకసారి ఇవ్వమని, ఇప్పుడు చదువుతానని బతిమాలాను. "ఇప్పుడెందుకు మేడం" అంది. ఎవరో ఆధార్ కార్డు జిరాక్సుకు వచ్చారు. ఆమె లేచి వాళ్ల పని చూసింది. నేను వెళ్లబోతుంటే మాత్రం గడప దాకా వచ్చి, గొంతు తగ్గించి ఒక మాట అడిగింది.

"అమ్మకు ఏం తెల్వది మేడం. నీ మాటలనే ప్రాజెక్టిచ్చిన, మేడంకు మస్తు నచ్చింది, మంచి మార్కులేసింది అని చెప్పిన. మీకు ఏడన్న కలిస్తే జర గట్లనే అనున్రి."

కాలేజీకి వెళ్లి ప్రిన్సిపాల్ సారుకు అంతా చెప్పాను. "పాసైంది కద మేడం, ఇంకెందుకు లొల్లి" అన్నారు ఆయన. ఫైలులోంచి ఆ క్షమాపణ కాగితం నేనే తీసుకున్నాను. పాత రిపోర్టు తెరిచి ఇప్పుడైనా చదువుదామని చూస్తే గడువు తీరిందని వచ్చింది. ఆమె పంపిన ఫైలును కోపంలో ఆ రోజే చెరిపేశాను. నా దగ్గర మిగిలింది అంకె ఉన్న మొదటి పేజీ ఒక్కటే. ఆ సైటు కోసం ఎంతో వెతికాను, దొరకలేదు. నాకు తెలిసి, ఆ నోటుబుక్కులో తప్ప ఇంకెక్కడా ఆ పిల్ల రాత లేదు.

రెండు వారాల తర్వాత ఆ క్షమాపణ కాగితం ఆమె చేతికే ఇచ్చి చింపేయమని చెబుదామని దుకాణానికి వెళ్లాను. లోపల స్టూలు మీద ఒక నడివయసు ఆమె కూర్చుని ఉంది. చేతిలో మందుల కవరు, కళ్లకు నల్లద్దాలు. కంటి దవాఖానకు వచ్చి, మోర్తాడ్ బస్సు కోసం కూర్చుందట. అమ్మాయి నన్ను చూసి ఒక్క క్షణం బిగుసుకుపోయింది. తర్వాత, "అమ్మా, మా తెలుగు మేడం" అంది.

ఆ తల్లి లేచి రెండు చేతులూ జోడించింది. ఆకు కత్తిరించి, దారం చుట్టి వేళ్ల కొసలు గట్టిపడి ఉన్నాయి. "మీరేనా మేడం? మా పిల్ల పొద్దుమాపు మీ ముచ్చటే చెప్పేది. కూసోన్రి, కూసోన్రి" అని తన స్టూలు నాకు జరిపింది. నేను కూర్చోలేదు. కాగితం ఉన్న సంచీని చంక కింద గట్టిగా పట్టుకొని నిలబడ్డాను.

"నా మాటలు మీకు నచ్చినయట కద మేడం."

"నచ్చినయమ్మా. మస్తు మంచిగున్నయి" అన్నాను.

కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. "చదువురానిదాన్ని, నా మాటలు పుస్తకంల రాసుడేందే అన్న. ఇనలె. బీడీలు చేసుకుంట నేను చెప్తుంటే ఇంత రాసింది." చేత్తో నోటుబుక్కు మందం చూపించింది. తర్వాత నా ముఖంలోకి చూస్తూ, ఎంతో ఆశగా అడిగింది.

"గండ్ల ఏ మాట నచ్చింది మేడం?"

నన్ను పరీక్షిద్దామని కాదు. వినాలని అడిగింది. తన మాట ఒకటి నా నోటి నుంచి వినాలని. నేను నోరు తెరిచాను. ఒక్క మాట కావాలి, ఏదో ఒకటి. తెర మీద కిందికి జారిపోయిన ఎర్ర పేజీలు గుర్తొచ్చాయి గాని వాటిలోని అక్షరం ఒక్కటి కూడా గుర్తు రాలేదు, ఎందుకంటే నేను చదవలేదు. ఆమె ఎదురుచూస్తూనే ఉంది. ప్రింటరులోంచి కాగితాలు ఒక్కొక్కటే వచ్చి పడుతున్నాయి.

"మరుపు కొమ్ము అమ్మా" అంది అమ్మాయి, కంప్యూటర్ వైపు నుంచి తల తిప్పకుండానే. "గా మాట మేడంకు మస్తు నచ్చింది. క్లాసుల అందరికి చదివి గూడ ఇనిపిచ్చింది."

తల్లి ముఖం విప్పారింది. "గదా! గది మా అమ్మ మాట మేడం. పసుపు తవ్వేటప్పుడు ఎంత చూసుకున్న ఒక్కటో రెండో కొమ్ములు భూమిల మరిచిపోతం కద. మళ్ల ఏడు గా చేన్ల మక్క ఏస్తే నడుమల గదొక్కటే మొలుస్తది. దాన్ని మరుపు కొమ్ము అంటం. మనం మరిచినా గది మనల మరవలేదు, పీకకున్రి అనేది మా అమ్మ."

అవునమ్మా, అవును అన్నాను. అమ్మాయి ఎవరిదో ప్రాజెక్టు కొడుతూనే ఉంది. తల్లి నా చెయ్యి పట్టుకొని ఆ ముచ్చట మొదటి నుంచి మళ్లీ చెప్పింది. నేను తెలిసినదాన్లాగే తల ఊపుతూ విన్నాను. ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి.